దొర నిలువు

వేంపల్లె,
20 డిసెంబరు 1953.

సుబ్బరత్నమ్మకు మేనమామ పుల్లయ్య ఆశీస్సులు. అత్తవి కూడా ఇందులోనే ఉన్నాయి. తూకం వేస్తే ఆమెవే ఎక్కువ తూగుతాయి.

కర్నూలు రాజధాని అయి మూడు నెలలు కాలేదు, అప్పుడే నువ్వు రాజధాని మనిషివైపోయావు. ఉత్తరం రాసి నలభై రోజులైంది. అల్లుడి ఆఫీసు గుడారంలో పెట్టారని మన వీధి సుబ్బయ్య చెబితే మీ అత్త నమ్మలేదు. "గవుర్మెంటోళ్ళు గుడారంలో ఉండేదేంది, సర్కసోళ్ళా?" అంటోంది. నువ్వే రాసి ఆమె సందేహం తీర్చు.

తూర్పు చేలో బావి తొమ్మిది నిలువులకు దిగింది. ఇంకా రెండు నిలువులు తవ్వితే దొర చెప్పిన లోతు. ఈ కథ నిన్ను నిద్రపుచ్చడానికి చిన్నప్పుడు చెప్పేవాణ్ణి. సగంలోనే నిద్రపోయేదానివి కాబట్టి మిగతా సగం నీకు తెలియదు. మళ్ళీ రాస్తున్నాను, మేలుకుని చదువు.

ఎల్బర్న్ దొర మన సీమ రాళ్ళన్నీ సుత్తితో కొట్టి చూసిన శాస్త్రజ్ఞుడు. ఊళ్ళో రాళ్ళ దొర అనేవారు. మా నాయన తిమ్మన్న ఆయన వెంట రాళ్ళ సంచి మోశాడు. మన బండల్లో ఉల్లిగడ్డ పొరల్లాంటి గుండ్రటి చారలు ఉంటాయే, అవి సముద్రం అడుగున పుట్టాయని మొదట ఆ దొర పుస్తకంలోనే చదివాను. ముప్పై ఏళ్ళు బడిలో అదే చెప్పాను. గుక్కెడు నీళ్ళు లేని ఊళ్ళో సముద్రం పాఠం చెప్పినందుకు నాకు సముద్రం అయివారు అని పేరు పెట్టారు. పెట్టనీ.

ఒక మిట్టమధ్యాహ్నం దొరకు దాహమైతే మా నాయన ఇంట్లో మిగిలిన ఆఖరి చెంబు నీళ్ళు ఇచ్చాడట. తాగాక అవే ఆఖరివని తెలిసి దొర సిగ్గుపడ్డాడు. చేనంతా తిరిగాడు, బండలు కొట్టాడు, ఒకచోట ఉలితో గుర్తు చెక్కాడు. తనకు వచ్చిన నాలుగు తెలుగు ముక్కల్లో "ఇక్కడ నీళ్ళు. నిలువు పదకొండు" అని, తన నెత్తిమీద తాను చెయ్యి పెట్టుకున్నాడు. తల మీద చెయ్యి పెట్టి ఒట్టేసిన దొరను మా నాయన అంతకుముందు చూడలేదు. "ఒట్టేసినాడురా పుల్లా, ఉత్తమాట కాదు" అని పోయేదాకా చెప్పేవాడు. దొర ఆ తర్వాత రెండేళ్ళకే కర్నూల్లో జ్వరమొచ్చి చనిపోయాడు. మా నాయనకు తవ్వే శక్తి లేకపోయింది. బడి ఉద్యోగం నుంచి దిగాక నేను మొదలుపెట్టాను.

నారాయణ చిన్నమామ సంగతి నీకు తెలుసు. రాయచోటిలో అంగడి పెట్టుకున్నాక నా తమ్ముడు నాకు అన్న అయ్యాడు. రెండేళ్ళుగా వానల్లేవు, మీ అత్త కోసుదూరం నుంచి బిందె మోసి మెడ నొప్పి తెచ్చుకుంది, ఇదంతా చూసి ఆయన చేనూ ఇల్లూ కలిపి కొనే మనిషిని చూశాడు. అతను మన చేలో నాపరాళ్ళ గని తవ్వుతాడట. ఉగాదిలోపు నీళ్ళు పడకపోతే అమ్మేసి రాయచోటికి వచ్చేస్తానని మాట ఇచ్చాను.

కాబట్టి నువ్వొక పని చెయ్యాలి. ఆ ఊళ్ళో దొర సమాధి ఉంది. నేను చూడలేదు. చూసి, దానిమీద ఏం రాసి ఉందో నాకు రాయి. బావి అడుగునుంచి తీసిన రాయి ఒకటి సుబ్బయ్యతో పంపుతున్నాను, అది అక్కడ పెట్టు. టెంకాయ కొట్టవద్దు, ఊదువత్తులు వద్దు. ఆయన చదువుకున్నవాడు. నమస్కారం చాలు.

నీ మామ,
పుల్లయ్య

*

కర్నూలు,
8 జనవరి 1954.

మామకు, అత్తకు నమస్కారాలు. కార్డు కాబట్టి క్లుప్తంగా రాస్తున్నాను. దొర దగ్గరికి వెళ్ళివచ్చాను. జట్కావాడికి రాళ్ళ దొర గోరీ అనగానే తిన్నగా తీసుకుపోయాడు. చాలా ప్రశాంతంగా ఉంది. పైన పచ్చ గుడ్డ కప్పారు. గోరీ చూసుకునే ముజావరు చేత ఫాతెహా చదివించాను. రాత నాకు తెలియని లిపిలో ఉంది. రాయి పెడతానంటే ముజావరు తాత నవ్వి, దాచుకోమ్మా అన్నాడు. ఆయన పెట్టిన చక్కెర సుబ్బయ్యతో పంపుతున్నాను. బావి దగ్గర అందరికీ పెట్టండి. అవును, ఆఫీసులు గుడారాల్లోనే ఉన్నాయి. గాలికి ఫైళ్ళు ఎగరకుండా ఒక్కోదానిమీద ఒక్కో రాయి పెడతారట. చోటు అయిపోయింది.
సుబ్బరత్న

*

వేంపల్లె,
22 జనవరి 1954.

ఓసి నా తల్లీ సుబ్బరత్నమ్మా,

నిన్ను ఎనిమిదో తరగతి దాకా నేనే చదివించాను కదా, తప్పు నాదే. దొర కిరస్తానీవాడు. ఆయనకు ముజావరేమిటి, ఫాతెహా ఏమిటి, పచ్చ గుడ్డేమిటి? నువ్వు వెళ్ళింది ఎవరో మహానుభావుడి దర్గాకు. జట్కావాడికి రాళ్ళు అన్నమాట వినబడలేదేమో, వినబడినా వాడికి తెలిసిన గోరీ అదొక్కటేనేమో. ఆ పెద్దాయనకు నా నమస్కారం కూడా చెప్పు, పొరపాటున వచ్చినవాళ్ళకూ చక్కెర పెట్టి పంపాడు. దొరల సమాధులు వేరే తోటలో ఉంటాయి. ఈసారి అల్లుణ్ణి అడిగి వెళ్ళు.

ఇక్కడ మీ అత్త చేసిన పని విను. చక్కెర కళ్ళకద్దుకుని తిని, వీధంతా పంచి, చిటికెడు బావిలో చల్లింది. అది దొర గోరీది కాదే, పొరపాటు అని చెబితే, "పొరపాటున తిన్నా చక్కెర తీపే గదా" అంటోంది. ఆమెతో వాదించి గెలిచినవాణ్ణి నేను చూడలేదు.

బావి పది నిలువులు అయింది. మొదటినుంచీ తవ్వుతున్నది కర్నూలు పడమటినుంచి వచ్చిన గిడ్డయ్య అనే ఆయన. పేరుకు తగ్గట్టు పొట్టి, నా భుజం దాకా వస్తాడు. చెయ్యి మాత్రం ఉక్కు. తన ఎత్తుకు తాడులో ముడి వేసుకుని, రోజూ దిగేముందు ఆ తాడుతోనే లోతు కొలుస్తాడు. అడుగున నల్లబండ తగిలింది, తూటాలు పేలుస్తున్నారు. ఒక్క నిలువు మిగిలింది. నాకు అన్నం సరిగా సహించడంలేదు, సంతోషంతోనే.

పుల్లయ్య

*

వేంపల్లె,
26 ఫిబ్రవరి 1954.

సుబ్బరత్నమ్మకు,

పదకొండు నిలువులు అయినాయి. నీళ్ళు లేవు. బండ పొడిగా ఉంది, చెయ్యి పెడితే వేడిగా తగిలింది.

దొర మీద నాకు కోపం లేదు. చచ్చిపోయినవాడి మీద కోపమేమిటి. ఒట్టేసినాడురా అని జీవితమంతా నమ్మి పోయిన మా నాయన తలపుకొస్తే గుండె నొస్తోంది. "ఒట్టు తీసి గట్టున పెట్టిపోయినాడు నీ దొర" అంది మీ అత్త. అని, మళ్ళీ బిందె తీసుకుని నీళ్ళకు వెళ్ళింది. వెనకనుంచి ఆమె మెడ చూశాను. నారాయణకు రాస్తున్నాను, కొనే మనిషిని ఉగాదికి రమ్మని.

ఇంక నువ్వు సమాధి కోసం తిరగవద్దు. ఆ రాయి పారెయ్.

మామ

*

కర్నూలు,
6 మార్చి 1954.

మామా,

మీ ఉత్తరం నిన్న సాయంత్రం అందింది. నేను మొన్ననే వెళ్ళివచ్చాను, ఇక పారెయ్యడానికి రాయి నా దగ్గర లేదు. మీకు కోపం వచ్చినా సరే, చూసింది రాస్తాను. రాయమన్నది మీరే.

ఈసారి ఈయనను వెంటబెట్టుకుని వెళ్ళాను. దారిపొడవునా, చచ్చిన దొరకోసం బతికున్న మొగుడి సెలవు పాడుచేశావని సణిగారు. తోట చుట్టూ నాగజెముడు పెరిగింది. విశ్వాసమ్మ అనే ముసలామె ఆ సమాధులు ఊడుస్తుంది. ఆమె నాయనమ్మ కాలం నుంచీ ఆ పని వాళ్ళదేనట. ఎల్బర్న్ అని అనేలోపే, "అతుకు గోరీనా? రాండి" అని ముందు నడిచింది.

ఎందుకు అతుకు గోరీ అన్నారో చూడగానే నవ్వొచ్చింది. అక్కడ అందరి సమాధులకూ ఒకే బండ. దొర సమాధికి మాత్రం కాళ్ళ దగ్గర ఇంకో బండముక్క అతికించారు. రంగు కూడా వేరు. "అంత పొడుగు మనిషిని ఈ ఊరు సూళ్ళేదంటమ్మా. పెట్టె కూడా రెండోతూరి చేసినారంట, మొదటిదాంట్లో పట్టక. మా జేజి చెప్తాండె, గుర్రమెక్కితే కాళ్ళు నేలకు తగులుతాండెనంట" అంది విశ్వాసమ్మ. నేను జానలతో కొలిచి చూశాను, అతికించిన ముక్కే రెండు జానలుంది. ఈయన కూడా నవ్వారు. సమాధుల మధ్య నవ్వినందుకు తర్వాత చెంపలేసుకున్నాము.

ఇంగ్లీషు రాత ఈయన చదివి చెప్పారు. పేరు, పుట్టిన ఏడు, పోయిన ఏడు, వయసు నలభై ఒకటి. కింద "ఈ దేశపు రాళ్ళను ప్రేమించినవాడు" అని ఉంది. అంతే.

సమాధి మీద చిన్నచిన్న రాళ్ళు కుప్పగా ఉన్నాయి. ఎవరు రాయి తెచ్చినా దొర "యాడిది?" అని అడిగేవాడట. అందుకని చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఇప్పటికీ ఇటు వస్తే రాయి తెస్తారు, విశ్వాసమ్మ దొర బదులు అడుగుతుంది. నన్నూ అడిగింది. వేంపల్లెది అన్నాను. అని, మామా, నీళ్ళు పడకపోతే ఉగాది తర్వాత ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో తోచక అక్కడే కూర్చుండిపోయాను.

అమ్మ పోయాక నాలుగేళ్ళదాన్ని భుజాన వేసుకుని మీరు వేంపల్లెకు తెచ్చిన రోజు వీధిలో అందరూ "యాడ పిల్లప్పా?" అని అడిగారట కదా. మీరు ఎవరికీ కథంతా చెప్పకుండా "మా ఇంటిది" అన్నారట. అత్త ఎన్నిసార్లు చెప్పిందో. నాకు పుట్టినిల్లంటే ఆ ఇల్లే. రాయచోటిలో మీకు పడక దొరుకుతుంది. నాకు పుట్టినిల్లు దొరకదు. అమ్మవద్దని అనడానికి నేనెవరిని, అత్త మెడ నాకూ గుర్తుంది. కానీ ఏడుపొచ్చింది, అది మీకు తెలియాలి.

మీ
సుబ్బరత్న

*

వేంపల్లె,
12 మార్చి 1954.

అమ్మా సుబ్బరత్నా,

ఇది నడవలేక పరుగెత్తి రాస్తున్న ఉత్తరం. అక్షరాలు వంకరగా ఉంటే సర్దుకో.

నీ ఉత్తరం మీ అత్తకు చదివి వినిపిస్తున్నాను. గిడ్డయ్య సామాను సర్దుకుని, చెప్పిపోదామని వచ్చి అరుగుమీద కూర్చున్నాడు. అతుకు బండ దగ్గరికి రాగానే, "అట్లాంటోడు నా బావిలో దిగితే మూడు నిలువులకే తల పైకొస్తాది" అని నవ్వాడు. నేనూ నవ్వాను. మీ అత్త నవ్వలేదు.

"ఏమప్పా గిడ్డయ్యా, నువ్వు కొలిచింది ఎవురి నిలువు?" అంది.

"నాదే గదమ్మా."

"దొర చెప్పింది ఎవురి నిలువు?"

సుబ్బరత్నా, నా చేతిలో ఉత్తరం కిందపడింది. దొర నెత్తిమీద చెయ్యి పెట్టుకున్నది ఒట్టు వేయడానికి కాదే! ఒట్టు ఆయనకేం తెలుసు? ఇదిగో, ఈ నిలువు అని కొలత చూపించాడు. అరికాలి నుంచి నడినెత్తి దాకా, నా ఎత్తు పదకొండు అన్నాడు. నెత్తిమీద చెయ్యి పెడితే మనకు ఒట్టే కదా, అందుకని మా నాయన ఒట్టు అనుకున్నాడు, నేను అనుకున్నాను, డెబ్బై ఏళ్ళు ఇద్దరం ఊరంతా ఒట్టు ఒట్టు అని చాటాము. బడిలో పిల్లలకు కొలతలు చెప్పినవాణ్ణి!

గిడ్డయ్య సామాను విప్పాడు. నువ్వు మళ్ళీ వెళ్ళి, ఒక నూలుదారంతో ఆ గోరీ తలనుంచి అతుకు చివరిదాకా కొలిచి ఆ దారం పంపు. పెట్టె మందం నేను తీసేస్తాను. ఆలస్యం చేయకు. ఉగాది మూడు వారాల్లో ఉంది.

మామ

*

వేంపల్లె,
8 ఏప్రిల్ 1954.

చిరంజీవి సుబ్బరత్నమ్మకు,

కవరులో దారం పెట్టి ఉత్తరం పెట్టడం మరిచిపోయే మనిషివి నువ్వొక్కదానివే. టపావాడు వచ్చినప్పుడు నేను తూటాలకోసం పులివెందుల వెళ్ళాను. మీ అత్త కవరు చించింది. ఉత్తరం లేదు, ఉత్త దారం. మొన్న చక్కెర పంపినావు, ఇప్పుడు ఆ దర్గానుంచే తాయెత్తు దారం పంపినావని అనుకుంది. నేను తిరిగొచ్చేసరికి దాన్ని ఎనిమిది ముక్కలు చేసి, గిడ్డయ్యకు, ఆయన మనుషులు అయిదుగురికి, రాళ్ళు పైకి లాగే కపిల ఎద్దు కొమ్ముకు కట్టి, మిగిలిన ముక్క తాను కట్టుకుని ఉంది!

నేను నెత్తి కొట్టుకున్నాను. ఆ తర్వాత అందరినీ వరసగా నిలబెట్టి, మణికట్లు విప్పించి, ఎద్దును బతిమాలి, ముక్కలన్నీ ముడివేసి దొరను మళ్ళీ పోగు చేశాను. నవ్వు. నేనూ ఇప్పుడు నవ్వుతున్నాను.

ఉగాదికి నారాయణ కొనేమనిషితో వచ్చాడు. ముడుల దారం చూపించి సంగతంతా చెప్పాను. "అన్నా, నీకు ఎండదెబ్బ తగిలింది" అన్నాడు. మాట ఇచ్చినవాణ్ణి, తల వంచుకున్నాను. మీ అత్త మాత్రం పచ్చడి గిన్నె వాడి ముందు పెట్టి, "తిను నాయనా. మృగశిర దాకా తాళు. ఇన్నేండ్లు బిందె మోసింది నేను, నేను తాళుతాండా గదా?" అంది. వాడు పచ్చడి తిన్నాడు. కార్తె వచ్చేదాకా గడువు ఇచ్చి వెళ్ళాడు.

గిడ్డయ్య నిలువుల్లో ఇంకా నాలుగు దిగాలి.

మామ

*

కర్నూలు,
25 మే 1954.

మామా, నలభై రోజులుగా ఉత్తరం లేదు. మీరు నన్ను దెప్పిన మాటే మీకు తిప్పి రాస్తున్నాను. సుబ్బయ్య మనిషి ఎవరో బజారులో ఈయనకు కనిపించి, మీ ఇంటిముందు బండి కట్టి ఉందని, మూటలు ఎక్కిస్తున్నారని చెప్పాడట. రాయచోటికి వెళ్ళిపోయారా? వెళ్తే వెళ్ళారు, నాకొక ముక్క రాయకూడదా? అత్త అల్లం మురబ్బా జాడీ జాగ్రత్తగా తీసుకువెళ్ళిందా? ఇదివరకు రాసినందుకు కోపగించుకోవద్దు. మీరు ఎక్కడుంటే అక్కడికే వస్తాను.
సుబ్బరత్న

*

వేంపల్లె,
3 జూన్ 1954.

పిచ్చిదానా,

బండిలో ఎక్కించినవి గిడ్డయ్య మూటలు. పదకొండు దారాలు పూర్తయ్యాయి, బండ చెమర్చిందేగాని నీళ్ళు రాలేదు. నేను గట్టున కూర్చుని, చాలప్పా, ఇంక పొండి అన్నాను. ఆ మాట నీకు రాయడానికి కలం రాలేదు, అందుకే రాయలేదు.

బండి కదలబోతుంటే మీ అత్త వచ్చి ఎడ్ల ముందు నిలబడింది. "ముడులకు పోయిన దారం ఎవురు లెక్కబెట్టినారు?" అంది.

ఎనిమిది ముక్కలకు ఏడు ముడులు. విప్పి చూస్తే ముడుల్లో మొత్తం బెత్తెడు దారం పోయింది. కోసినది తానే కాబట్టి ఆమెకు గుర్తుంది. దారానికి బెత్తెడు చొప్పున పదకొండు బెత్తెళ్ళు. గిడ్డయ్య మూటలు దించాడు.

నిన్న పొద్దున, ఆ పదకొండు బెత్తెళ్ళలో ఏడో బెత్తెటికి గడ్డపార కింద బండ చిట్లి గిడ్డయ్య మోకాలి దాకా నీళ్ళు వచ్చాయి. పైకి వచ్చేసరికి నడుం దాకా తడిశాడు. చల్లగా, కాస్త సున్నపు రుచిగా ఉన్నాయి. మీ అత్త దోసిట్లో పట్టుకుని ముందు నాకు ఇచ్చింది. నేను తాగలేక ఏడ్చాను. ఆమె మళ్ళీ పట్టి, "తాగండి, సముద్రం అయివారూ" అంది. ముప్పై ఏళ్ళలో ఆ పేరు ఆమె నోట వినడం మొదటిసారి.

నారాయణకు కార్డు రాశాను. వాడికి కూడా సంతోషమే, పైకి ఒప్పుకోడు.

నీళ్ళలోంచి తీసిన రాయి, సీసాలో నీళ్ళు సుబ్బయ్య తెస్తాడు. దొర ఆఖరి చెంబు తాగి వెళ్ళాడు కదా, తిరిగి ఇవ్వాలి. టెంకాయ కొట్టవద్దని రాశాను కానీ, మీ అత్త కొట్టమంటోంది. నీ ఇష్టం.

పుల్లయ్య

*

కర్నూలు,
14 జూన్ 1954.

మామకు, అత్తకు,

కొట్టాను. ఒకటి దొరకు, ఒకటి అత్త పేరుమీద. కొబ్బరి ముక్కలు ఈయనే పంచారు. దారిలో ఆ దర్గాకు కూడా వెళ్ళి ముజావరు తాతకు నీళ్ళు పడ్డాయని చెప్పాను. తనకు ముందే తెలిసినట్టు తల ఊపి, మళ్ళీ చక్కెర పెట్టాడు.

సీసాలో నీళ్ళు కొన్ని బండ మీద, కొన్ని అతుకు మీద పోశాను. ఎండకు బండ ఆవిరి వదిలి, పోసినంత మేరా నల్లబడింది. అడుగున గుక్కెడు మిగిల్చి విశ్వాసమ్మకు ఇస్తే, తలమీది కొంగు సర్దుకుని తాగింది. శానా బాగుండాయి అంది.

తర్వాత రాయి చేతికి ఇచ్చాను. ఆమె దాన్ని ఇటూ అటూ తిప్పి, దొర బదులు అడిగింది.

"యాడిదమ్మా ఈ రాయి?"

నన్ను తెచ్చిననాడు వీధిలో మీరు చెప్పిన మాటే చెప్పాను మామా. "మా ఇంటిది" అన్నాను.

శ్రావణంలో వస్తున్నాము. బిందె ఎవరికీ ఇచ్చెయ్యవద్దని అత్తకు చెప్పండి. చేలోంచి ఇంటిదాకా నేను మోస్తాను.

మీ
సుబ్బరత్న